పన్నెండో గది అతుకు

గాజుపేట, 83వ ఏడు, 112వ రోజు

ఈ అతుకుల పుస్తకంలో గది నంబరు, గోరు పరీక్ష, సంతకం తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలో ఎవరో ఎర్ర సిరాతో రాశారు. ఇరవై ఆరేళ్లు ఆ మాట విన్నాను. ఇక వినదలచుకోలేదు. తనిఖీ పేరుతో దీన్ని తెరిచే పేట పెద్ద గవరయ్య చివరి పేజీలో ముద్ర కొడతాడే తప్ప ఒక్క ముక్క చదవడు.

గోరు పరీక్ష అంటే పెద్ద విద్యేమీ కాదు. అద్దానికీ ఇనప చట్రానికీ మధ్య గాలి పోకుండా పూసిన సిలికాన్ అతుకుని బొటనవేలి గోటితో నొక్కుతాను. బాగున్నదైతే లొంగుతుంది, వదలగానే మళ్లీ పైకి లేస్తుంది. ముసలిదైతే గోటి గుర్తు అలాగే ఉండిపోతుంది. మరీ ముసలిదైతే అసలు లొంగదు, గోటికి తెల్లపొడి అంటుతుంది. మనుషులూ అంతే. పోలమ్మ మొండిఘటం అని పేటంతా అంటారు, కాదని నేనూ అనను.

ఇవాళ పన్నెండో గదిలో గోటికి పొడి అంటింది. అది పాత సంగతే. కొత్త సంగతి ఏమిటంటే, అద్దం అంచు వెంట సన్నటి జిడ్డు గీత కనబడింది. పాత సిలికాన్‌లోంచి నూనె ఊరితే అలా ఉంటుంది. నా తల వెంట్రుక ఒకటి పీకి ఆ గీత దగ్గర పట్టుకున్నాను. వెంట్రుక అద్దం వైపు వంగింది. గాలి బయటికి పోతోందన్నమాట. బయట గాలి లేదు, చలి తప్ప మరేమీ లేదు.

పేటలో పద్దెనిమిది గదులున్నాయి. గదికో కుటుంబం, వాళ్ల కూరగాయల మడి, దానికి ఎండనిచ్చే పెద్ద అద్దం. పన్నెండో గది నా కూతురు నూకాలు మెట్టినిల్లు. నా మనవరాలు పైడితల్లి ఆ అద్దం కిందే ఉయ్యాల్లో నిద్రపోతోంది. దానికి అయిదో నెల. పుస్తకంలో మామూలుగా "ఫరవాలేదు" అని రాసే చోట చెయ్యి ఆగిపోయింది.

113వ రోజు

రాత్రంతా ఆలోచించాను. నిజం ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలి గనక ఇక్కడ రాస్తున్నాను.

మా పేటలో బిడ్డ పుడితే ఆ గది అద్దం చుట్టూ కొత్త పూత పూస్తాం. పూత ఆరకముందే పుల్లతో బిడ్డ పేరు రాస్తాం. సిలికాన్ ఆరేటప్పుడు పులిసిన గంజిలా ఘాటు వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, గది గదినుంచీ ఆడవాళ్లు చిటికెడు చక్కెర పట్టుకుని బయలుదేరతారు. పురిటింట్లో అందరి నోళ్లలోనూ, పూత పూసిన నా నోట్లోనూ ఆ చక్కెర వేస్తారు.

పేరుగల మనిషి బతికున్నంత కాలం ఆ పూత గీకకూడదు. పేరు గీకితే మనిషిని చంపినట్టే. పేరు లేనివాళ్లకి వంటశాలలో గరిటె పడదు, తమ గదిలో చోటుండదు, సొంతవాళ్లయినా తాకరు. మనిషి పోయాకే గీకుడు కత్తి పడుతుంది. అందుకని పాత పూతల మీదే కొత్తవి పూస్తూ పోతాం. ఎన్ని పొరలుంటే ఆ కుటుంబం అంత గొప్పది. పన్నెండో గదిలో ఏడు పొరలున్నాయి. అడుగున ఆ గదిలోనే పుట్టిన నా వియ్యపురాలు అచ్చియ్యమ్మ పేరు, దానికి యాభై ఎనిమిదేళ్లు. అన్నిటికన్నా పైన పైడితల్లి పేరు. పండక్కి పేటవాళ్లంతా వెళ్లి ఆ అతుకు లావు చూసి బుగ్గలు నొక్కుకుంటారు.

సిలికాన్‌కి సిలికాన్ అంటుకోదు. గాజుకి అంటుతుంది, ఇనుముకి అంటుతుంది, నా చీరకి అంటిందంటే ఈ జన్మలో వదలదు. ఎండిన సిలికాన్ మీద మాత్రం కొత్తది ఊరికే కూర్చుంటుంది. పాతదంతా గాజు దాకా గీకి, తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి పూస్తేనే పట్టు. పని నేర్పిన మా మేనమామ ఈ సంగతి చెప్పి, "మనసులో ఉంచుకో" అన్నాడు. ఉంచుకున్నాను. ఇరవై ఆరేళ్లలో ముప్పై నాలుగు పూతలు పాతవాటి మీద పూసి, పట్టిందని చెప్పి, చక్కెర తిన్నాను. పైడితల్లి పూత కూడా నా చేతిదే. పైన పటారం, లోన లొటారం. సిగ్గుగా ఉంది.

116వ రోజు

నేనుండేది నాలుగో గదిలో. పేటలో దాన్ని శవాల గది అంటారు. ఇరవై నాలుగేళ్ల కిందట జ్వరాలొచ్చి నా మొగుడితో సహా పదకొండు మంది అందులో పోయారు. ఒక్క పేరు మిగల్లేదు గనక మామా నేనూ అతుకుని గాజు దాకా గీకాం. ఆ నెలలోనే నూకాలు పుట్టింది. శుభ్రమైన గాజు మీద దాని పేరు ఒక్కటే పూశాను. ఇప్పటికీ అదొక్కటే ఉంది. పేట మొత్తంలో గట్టి అతుకు అదే, ఆ గదిలో కాలు పెట్టేవాళ్లు మాత్రం లేరు.

నూకాలు దగ్గరికి వెళ్లాను. మడిలో బచ్చలి కోస్తోంది.

"గుంటని తీసుకుని నాలుగ్రోజులు నా కాడికి రాయే" అన్నాను.

"నీ కాడికా? ఆ శవాల గదిలోకి నా కూతుర్నా?"

"నువ్వు పుట్టింది అందులోనే గదే."

"అందుకే గావాల, నాకో అన్నా, తమ్ముడూ లేకుండా పోయారు" అంది. పుండు మీద కారం జల్లడం నా దగ్గరే నేర్చుకుంది.

అతుకు కారుతోందని చెప్పాను. వెంట్రుక వంగడం చూపించాను. నూకాలు ముఖం కాస్త మారింది. ఈలోగా అచ్చియ్యమ్మ వచ్చింది.

"ఏటొదినా, మా అతుక్కి వంక పెడతన్నావు? యాభై ఎనిమిదేళ్లనుంచి మమ్మల్ని కాసింది. నీ కళ్లలో నిప్పులు పోసుకోకు."

"కాసింది నిజమే వొదినా. ఇప్పుడు ముసిల్దయిపోయింది."

"నానూ ముసిల్దాన్నే. నన్నూ గీకేస్తావేటి?"

నూకాలు అత్తగారి వెనక నిలబడి నవ్వింది. నాకు ఒళ్లు మండింది, వచ్చేశాను.

119వ రోజు

వాళ్లంతా వంటశాలకి వెళ్లినప్పుడు పన్నెండో గదిలోకి వెళ్లాను. పైపొర ఎంత పట్టుందో చూద్దామని మూల దగ్గర వేలితో లేపాను, అంతే. కత్తి కూడా తియ్యలేదు. అరటిబోదె పట్ట ఊడినట్టు పైడితల్లి పూత అద్దం చుట్టూ ఉన్నదంతా ఒక్క పట్టీగా ఊడి నా చేతిలోకి వచ్చేసింది. దాని పేరు చెక్కు చెదరకుండా ఆ పట్టీ మీద ఉంది.

భయంతో పాటు, నిజం చెప్పొద్దూ, సంతోషం కూడా వేసింది. రుజువు దొరికిందనుకున్నాను. అయిదు నెలల పూత వేలికి ఊడొచ్చిందంటే ఇక ఎవరు కాదంటారు? ఆ పట్టీని చుట్టుకుని తిన్నగా వంటశాలకి వెళ్లి గవరయ్య ముందు బల్ల మీద పడేశాను. పేటంతా అక్కడే గంజి తాగుతోంది.

"సూడండి. కత్తి కూడా పెట్టలేదు. కింద ఆరు పొరలూ ఇలాగే ఉంటాయి. అన్నీ గీకి గాజు మీద కొత్తగా పూయాల. లేకపోతే ఆ అద్దం నిలవదు."

ఒక్కరూ అతుకు గురించి ఆలోచించలేదు. పట్టీ మీద పేరు చదివారు. నూకాలు చేతిలోని గిన్నె జారిపోయింది.

"అమా, నా గుంటని సంపీసినావా?" అని అరిచింది. పైడితల్లి దాని చంకలోనే ఉంది, నన్ను చూసి బోసినోటితో నవ్వుతోంది. అచ్చియ్యమ్మ వెంటనే ఆ పిల్లని నూకాలు చంకలోంచి లాగి నేల మీద పడుకోబెట్టింది. పేరు లేని పిల్లని తల్లి ఎత్తుకోకూడదు.

గవరయ్య మూతి తుడుచుకుని అన్నాడు: "ఏడు పేర్లు గీకాలంటావు. ఏడు పేర్లు గీకితే ఏడు శవాలు. బతికున్న శవాలు పేటలో తిరుగుతుంటే ఎలాగ పోలమ్మా?"

"గీకకపోతే నిజంగానే శవాలవుతాయి బాబూ."

"అయితే అప్పుడు గీకుదువుగాని."

"పోనీ, గాలి పోకుండా అద్దం బయట ఇనప రేకైనా దించండి."

"రేకు సావుకే దించుతారు. బతికున్నోళ్ల గదికి దించి అపశకునం సేయమంటావా?"

తీర్పు ఇచ్చారు. పైడితల్లి పేరుతో మళ్లీ పూత పూయాలి, రెండింతలు లావుగా. పూయాల్సింది నేనే, పేటలో వేరే చెయ్యి లేదు. పూత ఆరి గట్టిపడేదాకా పిల్లది పేరు లేనిదే. అంతవరకు ఎక్కడుండాలని అడిగారు. శవాల గది ఉంది గదా, పోయినోళ్ల పేర్లు గీకే పోలమ్మకి అంటు లేదు గదా అన్నారు ఎవరో. అలా నా మనవరాలు నా ఇంటికి వచ్చింది. నూకాలు వద్దామన్నా రాకూడదు, పాలివ్వకూడదు.

120వ రోజు

పిల్లది రాత్రి నుంచీ ఏడుస్తోంది. పేరు లేదు గనక దానికి సోయాపాల గరిటె పడలేదు. నా వంతు గరిటె పాలల్లో గుడ్డ ముంచి పట్టాను. రెండు చప్పరింపులు చప్పరించి ఉమ్మేసింది.

పూత పూయడానికి సామాన్ల గదికి వెళ్లాను. సిలికాన్ గొట్టాలు రెండు రకాలున్నాయి. ఈ ఏడు చేసినవి, పదేళ్ల కిందటివి. గొట్టంలో మూసిపెట్టినా సిలికాన్‌కి వయసు ఆగదు. పాత గొట్టం పూస్తే పూతలాగే కనబడుతుంది, ఎన్నాళ్లున్నా జిగురుగానే ఉంటుంది తప్ప గట్టిపడదు.

కొత్త గొట్టం పూస్తే మూడు రోజుల్లో గట్టిపడుతుంది, పిల్లది ఆ అద్దం కిందికి తిరిగి వెళ్లిపోతుంది. పాత గొట్టం తీసుకున్నాను. తెలిసే తీసుకున్నాను. నూకాలు నిచ్చెన పట్టుకుంది. ఎర్రబడ్డ కళ్లతో, "బాగా పుయ్యమ్మా, బేగి ఆరేలా పుయ్" అని బతిమాలింది. సరే అన్నాను.

125వ రోజు

పూత ఆరలేదు. గవరయ్య వేలు పెట్టి చూసి, తుడుచుకుని, "ఇంకా పచ్చిగానే ఉందేటి?" అన్నాడు. చలి ఎక్కువగా ఉందని చెప్పాను.

నూకాలు రోజుకి మూడుసార్లు నా గుమ్మం ముందుకి వస్తోంది. గడప దాటదు. పిల్లది దాని గొంతు విని తల తిప్పుతుంది. నూకాలు రవిక ముందంతా తడిసి ఉంటుంది. పాలు పిండి పారబోసుకుంటోందట. పిల్లది ఇక్కడ గుడ్డ చప్పరిస్తోంది.

వెంట్రుక రోజూ పట్టి చూస్తున్నాను. అచ్చియ్యమ్మ నన్ను గదిలోకి రానివ్వడం లేదు గనక, గుమ్మంలో నిలబడే పట్టుకుంటున్నాను. ఇప్పుడు అక్కడికే వంగడం తెలుస్తోంది.

128వ రోజు

ఇవాళ నూకాలు గుమ్మం ముందుకి వస్తే ఉన్నదున్నట్టు చెప్పేశాను. పాత గొట్టం సంగతి కూడా.

"కావాలనే పూశాను. అది ఆరదు. ఎన్నాళ్లున్నా ఆరదు. గుంట ఇక్కడుంటే బతుకుతాది నూకాలూ. నువ్వూ రా. ఒక్క అడుగు."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గుమ్మానికి చేరబడి చాలాసేపు పిల్లదాని వంక చూసింది. పిల్లది ఏడ్చి ఏడ్చి వెక్కుతోంది. నూకాలు చెయ్యి గుమ్మం ఇవతలికి వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఎత్తుకుంటే నానూ పేరు లేనిదాన్నవుతాను. మీ అల్లుడు మల్లీ నా మొకం సూడ్డు."

"సూడకపోతే మాన్లే. బతికుంటావు."

"ఎవరూ మాటాడకుండా, ఎవరూ తాక్కుండా, నీలాగా ఈ గదిలోనా?" అంది. ఆ మాట నన్ను నొప్పించడానికి అనలేదు. నిజంగానే అడిగింది. నడవా చివర అచ్చియ్యమ్మ నిలబడి చూస్తోంది. నూకాలు చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది.

ఆ చెయ్యి పట్టుకుని లోపలికి లాగేస్తే సరిపోయేది. ఇరవై ఆరేళ్లు అతుకులు లాగి చూసిన చేతులు, కూతుర్ని లాగడానికి రాలేదు. దాని ఇష్టంతో దాటాలనుకున్నాను.

129వ రోజు

పొద్దున్న గంజి వేళ కాకముందే పన్నెండో గది అద్దం ఊడిపోయింది.

చప్పుడు పెద్దగా లేదు. గంట మోగింది. గదులన్నిటికీ నడవా వైపు ఇనప తలుపు ఉంటుంది, గాలి తగ్గితే తొమ్మిది లెక్కపెట్టేలోగా దానంతట అదే పడుతుంది. పైడితల్లిని చంకనేసుకుని పరుగెత్తాను. నేను వెళ్లేసరికి తలుపు పడిపోయింది.

అవతలి నుంచి ఎవరో కొడుతున్నారు. ఇనుము మీద గాజుల చప్పుడు. అచ్చియ్యమ్మ గాజులేసుకోదు. ఆ గదిలో గాజుల చెయ్యి ఒక్కటే ఉంది. నేను ఇవతలి నుంచి కొట్టాను. పిల్లది ఏడుపు ఆపి వింది. తర్వాత చప్పుడు లేదు.

ఆ తలుపు చుట్టూ ఉన్న సిలికాన్ పట్టీ నా చేతిదే. తలుపుల మీద ఎవరి పేర్లూ రాయరు గనక ఏటేటా శుభ్రంగా గీకి కొత్తది వేస్తాను. తల వెంట్రుక పీకి దాని చుట్టూ పట్టి చూశాను. ఎక్కడా వంగలేదు. ఒక్క గుక్క గాలి కూడా అవతలికి పోలేదు.

ఏడుగురు. పుస్తకంలో సంతకం పెట్టాను.

132వ రోజు

పచ్చి పూత వల్లే అద్దం ఊడిందని తేల్చారు. నేను పాత గొట్టం పూశానని నూకాలు ఎవరితోనూ చెప్పకుండానే పోయింది, గవరయ్యే సామాన్ల గదిలో ఖాళీ గొట్టం చూసి పట్టుకున్నాడు. నా పుట్టింటి అతుకు మీదున్న నా పేరు గీకాలని కొందరన్నారు. తర్వాత అతుకులు ఎవరు పూస్తారని ఇంకొకరన్నారు. వదిలేశారు. మిగతా పదహారు గదుల్లో పొరల మీద పొరలున్నాయి, వాటి సంగతి చూడండని అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఒక గదివాళ్లయితే అప్పుడే వెళ్లి తమ అతుక్కి పసుపు రాసి దండం పెట్టుకున్నారు.

136వ రోజు

మనిషి పోయిన ఏడో రోజున పేరు గీకాలి. పన్నెండో గది తలుపు ఇక తెరవరు. నూకాలు పేరు మాత్రం నా గదిలో ఉంది. అద్దం బయట ఇనప రేకు దించారు. గవరయ్య గుమ్మం బయట నిలబడి, "ఇప్పుడు గీకొచ్చు పోలమ్మా" అన్నాడు.

"అప్పుడు గీకుదువుగాని అన్నావు గదా బాబూ. ఇదేగా ఆ అప్పుడు" అన్నాను. ఏమన్నాడో అతనికి గుర్తులేదు.

పైడితల్లిని మూల పడుకోబెట్టి కత్తి పట్టుకున్నాను. నూకాలు పూతకి ఇరవై నాలుగేళ్లు. గోటికి కాస్త పొడి అంటింది. వేలితో లేపాను, లేవలేదు. కత్తి దూర్చి లాగాను, ముక్క తెగింది తప్ప ఊడలేదు. గాజు మీద నేరుగా పూసింది గదా, వదలనంటుంది. పిసరు పిసరుగా గీకాను. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం గంజి వేళ దాటిపోయింది. బొటనవేలు చీరుకుపోయింది. చివరికి "నూ" ఒక్కటే మిగిలింది. అక్కడ కత్తి ఆపి గట్టిగా ఏడ్చాను. పిల్లది కూడా ఏడ్చింది. తర్వాత అది కూడా గీకేశాను.

గాజు తుడిచి, ఆరబెట్టి, ఈ ఏడు గొట్టంతో పూత పూశాను. పుల్ల పెట్టి పైడితల్లి అని రాశాను. రాయకపోతే దానికి గరిటె పడదు. రాయనని మొండికేస్తే పిల్లది ఆకలితో పోతుంది. ఇంత జరిగాక కూడా మళ్లీ నేనే రాశాను.

పులుపు వాసన నడవా అంతా వ్యాపించింది. శవాల గదికి ఎన్నడూ రాని ఆడవాళ్లు చిటికెడు చక్కెర పట్టుకుని వచ్చేశారు. వాళ్లకి వాసన తగిలితే కాళ్లు ఆగవు. గుమ్మం దగ్గరకొచ్చాక ఎవరిల్లో గుర్తొచ్చి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అయినా తెచ్చిన చక్కెర వెనక్కి తీసుకెళ్లకూడదు. ఒక్కొక్కరే చెయ్యి లోపలికి చాపి పిల్లదాని నాలుక మీద నాలుగు పలుకులు, నా నాలుక మీద నాలుగు పలుకులు వేశారు.

"నూరేళ్లు సల్లగా బతకాల" అని దీవించారు.

పిల్లది నూరేళ్లు బతకాలనే నాకూ ఉంది. అది నూరేళ్లు బతికితే ఆ అతుకు నూరేళ్లూ ఎవరూ గీకరు. మంచి సిలికాన్ అయినా పాతికేళ్లకి మించి ఆగదు. చక్కెర తీపిగానే ఉంది, మింగాను.

పిల్లలు ఉలిక్కిపడకుండా తలగడ కింద ఇనప ముక్క పెట్టడం మా వాళ్లకి అలవాటు. వాళ్లంతా వెళ్లాక గీకుడు కత్తి కడిగి, బట్టలో చుట్టి, పైడితల్లి తలగడ కింద పెట్టాను. మాటలు రాగానే మొదట ఇది ఎందుకో చెబుతాను. దాని పేరు అదే గీక్కోవాలి.